గాలి మొక్కకూ నీరు కావాలి

గాలితోనే బతుకుతుందన్న ప్రచారంతో అమ్ముడవుతున్న టిల్లాండ్సియా అయొనాంథా అనాస కుటుంబపు మొక్క. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో చెట్ల కొమ్మలపై పెరుగుతుంది. అయితే బదనిక వలె పరాన్నజీవి కాదు. వేళ్లు ప్రధానంగా పట్టు కోసమే. నీటిని, పోషకాలను ఆకులపైనున్న వెండిరంగు పొలుసుల వంటి కేశాలు గ్రహిస్తాయి. పూత సమయంలో ఆకులు ఎర్రబారి, మధ్య నుండి ఊదారంగు గొట్టపు పూలు వెలువడతాయి. తరువాత ఎరుపు తగ్గడం తెగులు కాదు.

ఈ మొక్క పత్రరంధ్రాలను ప్రధానంగా రాత్రివేళ తెరిచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. ఆ సమయంలో ఆకులపై నీటిపొర ఉంటే వాయుమార్పిడికి ఆటంకమే. కాబట్టి వారానికి ఒకటి, రెండుసార్లు ఉదయం పూట అరగంట నీటిలో ముంచి, తలకిందులుగా విదిలించి, నాలుగు గంటల్లోగా ఆరేటట్లు గాలి తగిలే చోట ఉంచాలి. ఆకుల మొదళ్లలో నీరు నిలిస్తే మొక్క నడుమ నుండి కుళ్లి విడిపోతుంది. మూసిన గాజుగోళంలో అమర్చడం ఇందుకే తగదు, చూపులకు ఎంత ఇంపుగా ఉన్నా సరే. ఉప్పునీటి బోర్ల ప్రాంతాల్లో వాననీరు శ్రేష్ఠం. లవణాల పొర కేశాలను కప్పివేస్తుంది.

ఎండుకొమ్మకు నైలాన్ దారంతో కట్టి తూర్పు కిటికీ వద్ద వేలాడదీయవచ్చు. రాగి తీగ వాడరాదు. రాగి ఈ మొక్కకు విషతుల్యం కనుక కుళ్లు కనబడిందని బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ సిఫారసు చేయరాదు.

పూత ముగిశాక తల్లిమొక్క క్రమంగా క్షీణిస్తూ పిలకలు వేస్తుంది. తల్లిలో సగం పరిమాణానికి ఎదిగిన పిలకలను వేరుచేసుకోవచ్చు.