మాంత్రికుని గడ్డము

జానపద చిత్రమనగానే మాంత్రికుడు, రాజకుమారి, కొలువులో పొంచియున్న రాజుగారి బావమరది మనకు ముందుగా స్ఫురింతురు. ఈ ముగ్గురిని ఒక్కచోట నిలిపి, తరువాతి చిత్రములకు ఒరవడి పెట్టినది విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో అది 1951లో విడుదలయ్యెను. అప్పటికి ఖమ్మము హైదరాబాదు రాష్ట్రమునను, భద్రాచలము మద్రాసు రాష్ట్రమునను ఉండెడివి. భద్రాచలము తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మారినది 1959లో. ఏలికలు వేరైనను నేపాళ మాంత్రికుడు మాత్రము గోదావరి ఇరుగట్ల ప్రేక్షకులను సమానముగనే భయపెట్టెను.

కథ పాఠకులకు తెలిసినదే. తోటరాముడు ఉజ్జయినీ రాజపుత్రి ఇందుమతిని ప్రేమించును. తనకు సరితూగు సంపద తెచ్చినచో పిల్లనిత్తునని రాజు పలుకును. సంపదకై బయలుదేరిన రామునిలో నేపాళ మాంత్రికుడు తన బలికి తగిన వీరుని చూచును. తుదకు బలియైనది మాంత్రికుడే. కాని సదాజపుడను శిష్యుడు సంజీవనితో గురువును బ్రతికించును. ఇక్కడనే ఒక విషయము గమనింపదగియున్నది. మరల లేచిన మాంత్రికుడు తన మంత్రముతో భైరవి ప్రతిమను తెచ్చుకొనలేడు. రాజకుమారిపై ఆశపడి భంగపడిన బావమరది శూరసేనుడు దానిని దొంగిలించి తెచ్చి ఇచ్చినగాని వాని పని సాగదు. కోటలో ఇంటిదొంగ లేనిదే మాంత్రికుని పప్పులు ఉడకలేదన్నమాట. వాని అంతము మరింత వింత. అంజి సదాజపుని వేషమున వచ్చి, రాజకుమారి మెచ్చవలెనన్న గడ్డము తీయవలెనని నమ్మించును. గడ్డముతో శక్తియు పోవును. అంతవరకు ఎస్. వి. రంగారావుగారి చూపునకు జడిసిన పిల్లలు మంగలికత్తి రాగానే నవ్వుదురు. ఆ చిత్రమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

ప్రేమ, రాచకుట్ర, ఇంద్రజాలము కలసిన కథ పాశ్చాత్యులకును కలదు. నీల్ బర్గర్ దర్శకత్వమున 2006లో వచ్చిన ‘ది ఇల్యూషనిస్ట్’ అట్టిది. పందొమ్మిదవ శతాబ్దాంతపు వియన్నా నగరమున ఐసెన్‌హైమ్ అను రంగస్థల ఐంద్రజాలికుడు, అతని చిన్ననాటి చెలి, ఆమెను పెండ్లాడి పదవికి ఎగబ్రాకదలచిన యువరాజు అందలి పాత్రలు. అతడు వేదికపై చనిపోయినవారి రూపములను రప్పింపగా జనము అవి నిజముగనే ఆత్మలని నమ్మి వీథులకెక్కుదురు. అప్పుడతడు జనుల ఎదుటకు వచ్చి ఇది కనికట్టేయని తానే చెప్పవలసివచ్చును. మన మాంత్రికునకును అతనికిని గల భేదమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది. నాకు శక్తి కలదనువాడు మాంత్రికుడు. నాకు విద్య కలదనువాడు ఐంద్రజాలికుడు.

ఆ చిత్రమున చూచుచుండగనే ఒక నారింజచెట్టు మొలచి కాయలు కాయును. దానికి మూలము రాబర్ట్ హూడిన్ (1805–1871) అను ఫ్రెంచి ఐంద్రజాలికుని ప్రదర్శన. ఆయన మొదట గడియారములు చేయువాడు గనుక ఆ చెట్టును యంత్రముతో పూయించెను. మన వీథులలో గారడీవాడు గంపక్రింద మామిడిటెంక పాతి మొక్కను, కాయను చూపుట దీనికి ఏమాత్రమును తీసిపోదు. పైగా వానికి తెరయు లేదు, వేదికయు లేదు, చుట్టును జనమే. విప్రవినోదులను పేర ఇంద్రజాలమే వృత్తిగా గలవారును మన దేశమున ఉండిరి.

రాబర్ట్ హూడిన్‌ను 1856లో ఫ్రెంచి ప్రభుత్వము అల్జీరియాకు పంపినది. అచ్చట మారబూలను మతగురువుల మహిమలను నమ్మి ప్రజలు తిరుగబడుదురని ప్రభుత్వమునకు భయము. ఆయన ఒక చిన్న పెట్టెను వేదికపై ఉంచి బలశాలియైన ఒకనిని ఎత్తుమనెను. మొదట అవలీలగా లేచిన పెట్టె మరుక్షణమున కదలలేదు. పెట్టె అడుగున ఇనుము, వేదిక క్రింద విద్యుదయస్కాంతము, అంతియే రహస్యము. తరువాత ఆయన ఇవన్నియు విద్యలేయని దుబాసీలచే చెప్పించెను. పరాయి దేశమునేలు ప్రభుత్వము గారడీని గూడ సైన్యమువలె వాడుకొనుట మేము మెచ్చునది కాదు. కాని అధికారమునకు భయముతో ఎంత పని ఉన్నదో ఇది తెలుపుచున్నది.

ఆయన పేర పారిస్‌లో వెలసిన నాటకశాలను 1888లో జార్జి మెలియే కొనెను. ఆయనయు ఐంద్రజాలికుడే. 1895లో లూమియేర్ సోదరుల చలనచిత్రమును చూచి, తరువాత తానే చిత్రములు తీయసాగెను. ఒకనాడు వీథిలో చిత్రము తీయుచుండగా కెమెరా క్షణకాలము ఆగి మరల నడచెననియు, తెరపై చూడగా పోవుచున్న బండి శవవాహనముగా మారెననియు ఆయనయే చెప్పుకొనెను. మాంత్రికుడు మాయమగుటకు ఇదియే కీలకము: కెమెరాను ఆపుదురు, నటుడు తొలగును, తక్కినవారు కదలకుందురు, మరల కెమెరాను నడుపుదురు. ఒకే మనిషి రెండు చోట్ల కనబడవలెనన్న, కటకమునకు సగము అట్ట అడ్డుపెట్టి తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగమును తీయుదురు. ‘పాతాళభైరవి’కిని, 1957 నాటి ‘మాయాబజార్’కును ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీ కంప్యూటరు లేని ఆ దినములలో వెలుగునీడలతోనే అంత మాయ చేసెను. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటకసమాజమువారు ఈ రెండు కథలను కెమెరా లేకయే, త్రాళ్లతోను, తెరలతోను, దీపములతోను వేదికపై చూపిరి.

ఇంత దూరము ఈ విద్యల మర్మము చెప్పుటకు కారణము కలదు. తెరపై మాంత్రికునకు గడ్డము తీసిన భయము పోయినది. ఊరిలో చేతబడి భయము అట్లు పోలేదు. ఆ అనుమానముతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు ఉభయ తెలుగు రాష్ట్రములలో పలుమార్లు వెలువడినవి. ఇది అడవిపల్లెలకే చెందిన దోషము కాదు, పట్టణములలోను తాయెత్తులు అమ్ముడుపోవుచున్నవి. అయితే అడవి అంచున దానికి తోడు మరియొకటి ఉన్నది. భద్రాచలము మన్యమున మలేరియా బహుకాలముగా పాతుకొనిన వ్యాధి. దానిలో ఫాల్సిపారము అను రకము మెదడునకు సోకినచో రోగి పలవరించును, మూర్ఛలు వచ్చును, స్మృతి తప్పును. మొన్నటివరకు పొలము దున్నినవాడు నేడు ఎవరినో చూచినట్లు కేకలు వేయుచుండగా, ఇంటివారికి దోమ తోచదు, పొరుగువాడు తోచును. అనుమానము తరచుగా దిక్కులేని ముసలిదానిపైననో, గట్టు తగాదా ఉన్నవానిపైననో పడును. శూరసేనుడు ప్రతి ఊరిలోను ఉండవచ్చును.

సరిహద్దు దాటిన ఛత్తీస్‌గఢ్‌లో 2005లో టోనహీ ప్రతాడన నివారణ చట్టము వచ్చినది. టోనహీ యనగా మంత్రగత్తెయని నింద మోపబడిన స్త్రీ. ఒడిశాలో 2013లో ఇట్టి చట్టమే వచ్చినది. చట్టము నింద వేసిన తరువాత పని చేయును. ముందుగా పనిచేయునవి రెండు. ఒకటి, జ్వరము వచ్చిన దినమే రక్తపరీక్ష; వ్రేలినుండి ఒక్క బొట్టు తీసి కొద్ది నిమిషములలో ఫలితము చెప్పు పరికరములు ఆశా కార్యకర్తల యొద్దనే ఉండును. రెండవది, గారడీ మర్మము బయట పెట్టుట. జనవిజ్ఞాన వేదికవారు ఊరూర చేయుచున్న పని ఇదియే. 2025లో దివంగతులైన ఐంద్రజాలికులు బి. వి. పట్టాభిరామ్‌గారును తమ విద్యను ఇందుకు వినియోగించిరి. నిమ్మకాయ కోయగా నెత్తురు కారినదా? కత్తికి ముందుగా మందారపు రేకులు రుద్దియుందురు. ఆ రసమునకు నిమ్మ పులుపు తగిలిన ఎర్రనగును. హోమము తనంత తాను మండినదా? పొటాషియం పర్మాంగనేటుపై నేయివలె గ్లిసరిన్ పోసియుందురు. తెల్లని వస్త్రముపై ఎర్రని మరకలు తేలినవా? పసుపునీళ్లు ఆరిన గుడ్డపై సున్నపునీళ్లు చల్లియుందురు. బిడ్డకు దిష్టి తీయుటకు పసుపు, సున్నము కలిపి ఎర్రనీళ్లు చేయు ఏ ఇల్లాలికైనను ఈ చివరి రహస్యము చెప్పనక్కరలేదు.