వేలంలో ఫ్లాటు చవకే... మరి పాత బాకీ?

మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో ఫ్లాటు మార్కెట్ రేటుకంటే తక్కువకు వస్తోందంటే ఎవరికి ఆశ పుట్టదు? పేపర్లో చిన్న అక్షరాల వేలం ప్రకటన చూసి 'ఓసారి కనుక్కుందామా' అనుకోని ఇల్లుండదేమో! కనుక్కోండి, తప్పులేదు. అయితే ధరతోపాటు బాకీలూ కనుక్కోవాలి.

అమెరికాలోని ఫ్లోరిడాలాంటి చోట్ల ఇంటిపన్ను కట్టకపోతే ఆ బాకీనే వేలం వేస్తారు. వడ్డీ పాట 18 శాతం దగ్గర మొదలై కిందికి దిగుతుంది. తక్కువ వడ్డీకి ఒప్పుకున్నవాళ్ళు పన్ను కట్టేస్తే, ఇంటివాళ్ళు ఆ వడ్డీతో సహా తీర్చుకోవాలి. మన దగ్గర ఆ పద్ధతి లేదు.

హైదరాబాద్‌లో ఆస్తిపన్ను ఆరు నెలలకోసారి. గడువు దాటితే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే పదివేల బాకీకి ఏడాదికి 2,400 రూపాయలు! కట్టకపోతే డిమాండు నోటీసు, రెడ్ నోటీసు, ఆపైన జప్తు వారంటు. సామాను జప్తుచేసి అమ్మే అధికారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోనే ఉంది. 2020, 2022, 2024లలో అసలు మొత్తం ఒకేసారి కట్టినవాళ్ళకు వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అలాగని మాఫీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వడ్డీ ఆగదు కదా!

పేపర్లో కనిపించేవి ఎక్కువగా బ్యాంకు వేలాలు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు అప్పు తీర్చమని 60 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ తర్వాతే స్వాధీనం, వేలం. పాట మీదైతే ధరావతుతో కలిపి నాలుగోవంతు సొమ్ము ఆరోజో, మర్నాటి పనిరోజో కట్టాలి. అమ్మకం ఖరారయ్యాక మిగతాదానికి మామూలుగా 15 రోజులే గడువు. కట్టలేకపోతే కట్టింది కూడా పోతుంది. నగలు కుదువపెట్టి, చిట్టీ పాడి తెచ్చిన డబ్బయినా సరే! అందుకే లోను సంగతి ముందే తేల్చుకోండి.

ప్రకటనలో 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అన్న మాట చూశారా? అసలు మెలిక అక్కడే. పాత పన్ను బాకీ సంగతి తెలియక కోర్టు వేలంలో కొన్న వ్యక్తి ఆస్తిమీద దాన్ని వసూలు చేయరాదని 1971లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2023లో కేరళ కేసుల్లో, పాత కరెంటు బాకీ తీరిస్తేనే కొత్త కనెక్షన్ అని నిబంధన పెట్టవచ్చని తీర్పిచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగేకంటే ముందే చూసుకోవడం మేలు.

ఈసీ తీశాం, చాలనుకోకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి, పన్ను బాకీ కనిపించదు. ఇంటిపన్ను రసీదుమీద ఉండే పీటీఐఎన్ నెంబరుతో బాకీ ఎంతో మున్సిపల్ ఆఫీసులో అడగండి. నీటి బిల్లు, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బాకీ కూడా చూడండి. ఫ్లాటులో ఇప్పుడెవరున్నారో, తాళం బ్యాంకు చేతిలో ఉందో లేదో స్వయంగా వెళ్ళి కనుక్కోండి. కాగితాలు వకీలుకు చూపించండి.

ఆ బాకీలన్నీ కూడి, ఆ మేరకు తగ్గించుకునే పాట పాడండి. అప్పుడూ చవకే అనిపిస్తే, అది నిజంగా చవకే!