మిద్దె మీద మిగులు

తొలకరికి నాటిన బీరపాదు ఇంటివారి అవసరాన్ని బట్టి కాయదు. ఒక వారమంతా పిందె కూడా నిలవని పాదు మరుసటి వారంలో నాలుగైదు కాయలను ఒకేసారి దించుతుంది, వాటిని కోయడం నాలుగు రోజులు ఆలస్యమైతే కండ తగ్గి పీచు పడుతుంది. అంగట్లో కొనే కూరగాయకూ ఇంట్లో పండే కూరగాయకూ ఉన్న తేడాను చాలామంది రుచిలోనూ, పురుగుమందులు లేకపోవడంలోనూ చూస్తారు గానీ, అంతకన్నా మౌలికమైన తేడా ఒకటుంది: మొదటిదాన్ని కావలసినంతే కొనుక్కోవచ్చు, రెండోదాన్ని చెట్టు ఇచ్చినంతా తీసుకోవలసి ఉంటుంది. ఇంటి అవసరానికి మించిన ఈ మిగులే పొరుగింటి గడప దాకా నడిపిస్తుంది. ఇంటి తోట పెంచడం, పాత సామానును మరో పనికి వాడుకోవడం, ఉన్నదాన్ని ఇరుగుపొరుగుతో పంచుకోవడం అనేవి విడివిడి అలవాట్లుగా కనిపించినా, తెలుగు ఇళ్లలో అవి ఒకదానిలో ఒకటి అల్లుకునే పెరిగాయి.

ఒకప్పటి పెరడు ఇందుకు సాక్ష్యం. బావి దగ్గరా, గిన్నెలు తోమే చోటా పారే నీరు వృథా కాకుండా అరటి పిలకకో, కరివేపాకు మొక్కకో చేరేది. దడి మీద చిక్కుడు, పాక మీద సొర, గుమ్మడి పాకేవి. వాటికోసం ప్రత్యేకంగా భూమిని కేటాయించిన వారు అరుదు. నగరాల్లో ఇళ్లస్థలాలు కుంచించుకుపోయి పెరడు మాయమైన తరువాత, ఆ సాగు కాంక్రీటు కప్పు మీదికి ఎక్కింది. డాబా పైన కుండీలు, తొట్లు, మడులు ఏర్పాటు చేసి ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు పెంచే ఈ పద్ధతికి మిద్దెతోట అనే పేరు స్థిరపడింది. కథకుడిగా ప్రసిద్ధుడైన తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి కప్పు మీద ఈ సాగును ఏళ్ల తరబడి చేసి, దాని గురించి పుస్తకం రాసి, ఆ మాటను తెలుగు పాఠకుల్లోకి విస్తృతంగా తీసుకువెళ్లారు.

మిద్దెతోట మొదలుపెట్టే వారు విత్తనం కన్నా ముందు ఆలోచించవలసింది బరువు గురించి. జనం ఎక్కి తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల నియమావళి సాధారణంగా నిర్దేశించే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు మాత్రమే కాగా, అదే చదరపు మీటరులో అడుగు మందాన పరిచిన తడి మట్టి 450 కిలోలకు పైగా తూగుతుంది. అందుచేత కప్పంతా మట్టి పరచడం ప్రమాదకరం. తొట్లను గోడలకూ దూలాలకూ పైన వచ్చేలా అమర్చుకోవడం, మట్టిలో కొబ్బరి పొట్టు, ఎండుటాకుల ఎరువు ఎక్కువగా కలిపి తేలిక చేసుకోవడం, పాత కట్టడమైతే ఇంజినీరును సంప్రదించడం తప్పనిసరి. ఆకుకూరలకు అర అడుగు లోతు సరిపోతుంది, వంగ, టమాటా వంటి వాటికి అడుగు కావాలి, తీగజాతులకు మరికొంత లోతుంటే మంచిది.

ఈ మట్టిని నింపడానికి కొత్త కుండీలే కొనాలనుకుంటే తోట కొద్ది నెలల్లోనే ఖర్చు వ్యవహారంగా మారుతుంది, నిజానికి చాలామంది ఉత్సాహం చల్లబడేది ఇక్కడే. పాత సామాను విలువ తెలిసేది కూడా ఇక్కడే. హైదరాబాదులో గురువారాలు సాగే జుమ్మేరాత్ బజారులోనూ, ఎర్రగడ్డలో ఆదివారం రోడ్డు పక్కన వెలిసే అంగడిలోనూ, ప్రతి పట్టణంలో ఉండే తుక్కు దుకాణాల్లోనూ తోటకు పనికివచ్చే వస్తువులు ఎన్నో దొరుకుతాయి. పాడైన వాషింగ్ మెషీన్ లోపలి స్టీలు డ్రమ్ముకు పుట్టుకతోనే చిల్లులు ఉంటాయి కాబట్టి నీరు నిలవదు, తుప్పు పట్టదు, మిరపకూ వంగకూ అది చక్కటి తొట్టి. పాత ఫ్రిజ్ డొల్లను వెల్లకిలా పడుకోబెట్టి అడుగున రంధ్రాలు చేస్తే, దాని గోడల్లోని నురుగు పొర ఎండ వేడిని ఆపడంతో మే నెలలో కూడా వేర్లు ఉడికిపోవు. అయితే అందులోని కంప్రెసర్‌ను, వాయువును ముందుగా మెకానిక్ చేత తీయించాలి. నిలువునా కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము రెండు మడులవుతుంది, కూలర్ తొట్టి తోటకూర మడి అవుతుంది, పగిలిన కుండ అడుగుభాగం పుదీనాకు చాలు. పాత నూలు చీరను అంగుళం వెడల్పు పేలికలుగా చింపి తీగలను పందిరికి కడితే, పురికొసలా లేత కాడలను అది కోసివేయదు.

పాతదన్న ప్రతిదీ పనికిరాదన్నది కూడా అంతే నిజం. పురుగుమందులు, రసాయనాలు నిల్వచేసిన డ్రమ్ములను ఎంత కడిగినా తినే పంటకు వాడరాదు. డ్రమ్ములో ఇంతకుముందు ఏముండేదో అమ్మేవాడు చెప్పలేకపోతే దాన్ని కొనకపోవడమే మేలు. ప్లాస్టిక్ వస్తువు అడుగున త్రికోణంలో ముద్రించిన అంకె అది ఏ రకమో చెబుతుంది, 2 లేదా 5 ఉన్నవి ఆహారపదార్థాల డబ్బాలకు ఎక్కువగా వాడే రకాలు. చేపల దుకాణాల దగ్గర దొరికే థర్మోకోల్ పెట్టెలు తేలికే గానీ, ఎండకు పెళుసుబారి పూసలు పూసలుగా రాలి మట్టిలో కలుస్తాయి, కనుక వాటికి దూరంగా ఉండడం ఉత్తమం.

బీరపాదును మరికొంత దగ్గరగా చూస్తే మిగులు ఎలా పుడుతుందో తెలుస్తుంది. దీనిలో మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా ఒకే తీగకు పూస్తాయి. గుత్తిగా వచ్చేవి మగపువ్వులు, రేకుల కింద వేలెడు పిందెతో కనిపించేది ఆడపువ్వు. ఇవి సాయంత్రం వేళ విచ్చుకుంటాయి. ఎత్తైన అంతస్తుల మీదికి కీటకాలు తగినన్ని రాకపోతే పిందెలు పసుపుబారి రాలిపోతాయి, అప్పుడు మగపువ్వును తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి సున్నితంగా అద్దితే కాయ నిలుస్తుంది. అలా నిలిచిన కాయల్లో ఒకదాన్ని కోయకుండా తీగకే వదిలేస్తే, అది క్రమంగా గోధుమరంగుకు తిరిగి, బరువు తగ్గి, ఊపితే గలగలమంటుంది. చివరి మూత ఊడదీసి బోర్లిస్తే నల్లటి గింజలు పదుల సంఖ్యలో రాలతాయి, మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి పనికివస్తుంది. ఒక కుటుంబానికి రెండు మూడు పాదులు చాలు. ఒక్క కాయలోని గింజలు వీధి మొత్తానికి సరిపోతాయి. పంచడమన్నది ఇక్కడ ఔదార్యం కన్నా ముందు మొక్క స్వభావంలోనే ఉంది.

అయితే విత్తనం పంచాలంటే అది నమ్మదగినదై ఉండాలి. రెండు భిన్న రకాలను కలిపి కంపెనీలు తయారుచేసే సంకర విత్తనం, అంటే హైబ్రిడ్, మొదటి తరంలో బాగా కాసినా, దాని గింజలను మళ్లీ నాటితే తల్లి గుణాలు చెదిరిపోతాయి. అందుకే విత్తనం కట్టదలచిన వారు నాటు రకాలనే ఎంచుకుంటారు. నాటు రకాల్లోనూ ఒక చిక్కుంది: పక్క మిద్దె మీద గుండ్రటి సొర, ఈ మిద్దె మీద పొడవు సొర ఉంటే, కీటకాలు రెండింటి పుప్పొడినీ కలిపివేస్తాయి. దీనికి విరుగుడుగా, విచ్చుకోబోయే మొగ్గలను ముందే దారంతో కట్టి, పూసిన వేళ అదే రకం పుప్పొడిని అద్ది, మళ్లీ కట్టి, ఆ కాయకు గుర్తు పెట్టుకుంటారు. చిక్కుడు, టమాటా చాలావరకు తమ పువ్వులోని పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి కొత్తవారు వాటితో మొదలుపెట్టడం సులభం.

చిక్కుడు విషయంలో కాలజ్ఞానం కూడా అవసరం. పాత నాటు చిక్కుళ్లు పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రావు. వానాకాలంలో ఎంత ఏపుగా పాకినా ఆకులే తప్ప కాయ కనిపించక కొందరు తీగను పీకేస్తారు, కాస్త ఓపిక పడితే చలి మొదలయ్యాక అదే తీగ విరగకాస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పాయసం నివేదించే ఆచారం ఈ కాపుకాలానికి సరిగ్గా ఒదిగి ఉంది. పండుగ ఉదయాన పాదు ఉన్న ఇంటికి వీధిలోని వారంతా ఆకులకోసం రావడం, ఆషాఢంలో గోరింట చెట్టున్న ఇంటి ముందు ఆడపిల్లలు గుమిగూడడం, ఉగాదికి వేపపువ్వు ఒక ఇంటినుంచి పది ఇళ్లకు చేరడం, ఇవన్నీ చెట్టు ఒకరిదైనా కాపు మీద పదిమందికీ చనువుండేదని చెబుతాయి. పెరుగు తోడు అడిగితే లేదనకపోవడం, కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకపోవడం ఆ చనువుకు కొనసాగింపులే.

విత్తనాలు చేతులు మారడంలో ఆప్యాయతతో పాటు భద్రత కూడా ఉంది. ఒక ఇంట్లో పాదు తెగులుకు పోయినా, డబ్బాలోని గింజ పురుగుపట్టినా, అదే విత్తనం మరో నాలుగు ఇళ్లలో ఉంటే రకం నిలుస్తుంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, వారిలో ఎక్కువమంది దళిత చిన్నరైతులు, ఈ సూత్రాన్ని ఊళ్ల స్థాయిలో ఆచరించి చూపారు. చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, అవసరమైన వారికి అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక రెట్టింపుగా తిరిగి తీసుకునే పద్ధతి వారిది. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పే పాత పంటల జాతర వారిదే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈ కృషికి ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది. విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ నాటుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా గుర్తించింది.

పంచుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త కూడా ఒకటుంది. కొమ్మతో, పిలకతో, కుండీ మట్టితో పాటు పిండినల్లి, వేరుముడి పురుగు కూడా ఇల్లు మారతాయి. కొత్తగా వచ్చిన మొక్కను రెండు వారాలు విడిగా ఉంచి గమనించాకే మిగతావాటి పక్కన చేర్చాలి. అమెరికాలోని తెలుగువారికి ఈ సంగతి కరివేపాకు ద్వారా బాగా తెలుసు: నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లోని నిర్బంధ ప్రాంతాల నుంచి ఆ మొక్కలను బయటికి తరలించడంపై అక్కడి వ్యవసాయ శాఖ ఆంక్షలు విధించింది. స్నేహితులకు ప్రేమతో ఇవ్వదలచిన మొక్క అయినా ఆ నియమాలకు లోబడవలసిందే.

అపార్టుమెంట్లలో మిద్దె ఒక్కరి సొత్తు కాదు గనుక అక్కడ తోట వేయాలంటే ముందుగా అందరి అంగీకారం, నీరు కారకుండా కప్పుకు పూత, కాపును పంచుకునే ఒప్పందం కావాలి. ఇవి కుదిరిన చోట అంతవరకు లిఫ్టులో పలకరించుకోని వారు కూడా మొక్కలకు నీళ్లు పోసే వంతులు వేసుకుంటున్నారు. స్థలం బొత్తిగా లేనివారు బాల్కనీలో ఒక్క కరివేపాకు మొక్కతో మొదలుపెట్టవచ్చు. దాని పండ్లు నల్లబడగానే గుజ్జు తీసి వెంటనే నాటాలి, ఎండబెట్టి దాస్తే ఆ గింజ మొలకెత్తదు. ఈ ఏడాది బీరగానీ చిక్కుడుగానీ వేసేవారు తొలి కాపులోని మంచి కాయను ఒకదాన్ని విత్తనానికి వదిలిపెట్టండి, గింజలను నీడన ఆరబెట్టి పాత హార్లిక్స్ సీసాలో బూడిదతో కలిపి దాచి, సీసా మీద రకం పేరు, నెల, విత్తనం ఇచ్చిన వారి ఊరు రాసి, వచ్చే మృగశిర కార్తెకు ముందే పక్కింటికి నాలుగు గింజలు ఇవ్వండి.