కొయ్య పలకల వెనుక ఖాళీ

కెనడాలోను, అమెరికాలోను, నార్వేలోను నివాసగృహములను ఎక్కువగా కొయ్యతోనే కట్టుదురు. నిలువు గుంజలతో చట్రమును నిలిపి, దానిపై ప్లైవుడ్డు తాపడము చేసి, అన్నిటికంటె వెలుపల కొయ్య పలకలను అడ్డముగా బిగింతురు. ఇంటిని వాన నుండి కాపాడునవి ఈ పలకలే యని చూచువారికి తోచును. నిజమునకు ఇవి వాన వేగమును విరుచు మొదటి అడ్డు మాత్రమే. అసలు రక్షణ వాని వెనుక నున్నది. పలకలు బిగింపక ముందే అది సిద్ధము కావలెను.

ఎంత నేర్పుగల వడ్రంగి బిగించినను నీరు పలకల వెనుకకు పోవుట ఏల? కొయ్య తడిసినప్పుడు ఉబ్బును, ఆరినప్పుడు ముడుచుకొనును. అందుచే అతుకుల వద్ద సందులు ఏర్పడును. గాలి ఒత్తిడి ఆ సందులలోనికి నీటిని నెట్టును. సందు సన్నని దైనచో కేశనాళికా చర్య వలన నీరు పైకి కూడ ఎగబ్రాకును.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. రెండు గాజు పలకలను ఒకదాని కొకటి ఆనించి రంగునీటిలో నిలువుగా ఉంచుడు. నీరు వాని నడుమ పైకి ప్రాకును. పలకల నడుమ రెండంచుల వద్ద అగ్గిపుల్లలు పెట్టి మరల ఉంచినచో నీరు కొద్దిగానే లేచి ఆగిపోవును.

లోనికి పోయిన నీరు అచ్చటనే నిలిచినచో ఏమగును? కొయ్యలోని తేమ దాని పొడి బరువులో నూటికి 20 పాళ్ళకు లోబడి యున్నంతవరకు భయము లేదు. 30 పాళ్ళకు చేరి చాల కాలము నిలిచినచో శిలీంధ్రములు పెరిగి కొయ్యను కుళ్ళజేయును.

కావున ప్లైవుడ్డుపై మొదట తారు కాగితమునుగాని, నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చు ప్లాస్టిక్ పొరనుగాని కప్పుదురు. క్రింది వరుసను ముందు పరచి, పై వరుస అంచు దాని మీదికి వచ్చునట్లు చేయుదురు. మన పెంకుటింటి కప్పు నేయుటలో పాటించు క్రమమే ఇది. కిటికీ చుట్టును ముందు అడుగున, పిదప ప్రక్కల, చివరకు పైన పొరను అమర్చవలెను. క్రమము తప్పినచో జారిన నీరు పొర వెనుకకే పోవును.

తరువాత గుంజల వెంబడి సుమారు 2 సెంటీమీటర్ల మందముగల నిలువు బద్దలు కొట్టి, వానిపై పలకలు బిగింతురు. ఇట్లు ఏర్పడిన ఖాళీలో నీరు క్రిందికి జారిపోవును. గాలి ఆడుటచే తడి ఆరును. పలకకు రెండు వైపుల గాలి ఒత్తిడి ఇంచుమించు సమమగును గనుక నీటిని లోనికి నెట్టు బలము తగ్గును. ఖాళీని క్రింద, పైన తెరచియుంచి, పురుగులు దూరకుండ వల అమర్చవలెను.

కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన జి. కె. గార్డెన్ 1963లో ఈ సూత్రమును వివరించుచు ఒక పత్రమును ప్రకటించెను. అయినను 1980, 1990 దశకములలో ఆ దేశమందే వాంకూవర్ ప్రాంతమున వేలాది నివాసముల కొయ్య గోడలకు, వెనుక ఖాళీ విడువకయే, పైన సిమెంటు పూత పూసిరి. పెక్కింటికి చూరులును చాలినంత లేవు. కిటికీల చుట్టు దిగిన నీరు ఆరక కొయ్య కుళ్ళెను. 1998లో డేవ్ బారెట్ నాయకత్వమున విచారణ జరిగెను. శాస్త్రము తెలియనందున కలిగిన కష్టము కాదిది. తెలిసినదానిని గోడలో అమర్చనందున కలిగినది. రెండు సెంటీమీటర్ల ఖాళీ లేక పలు కుటుంబములు జీవితకాలపు పొదుపును మరమ్మతులకే కోల్పోయెను.