విశాఖ రేవులో నీరు, గాలి

కోల్‌కతాకు, చెన్నైకి నడుమగల తూర్పు తీరమున ఓడలకు ప్రకృతిసిద్ధమైన ఆశ్రయము దొరకుట అరుదు. అట్టి ఆశ్రయము విశాఖపట్నమున కలదు. దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనుక యారాడ కొండలు, ఉత్తరమున కైలాసగిరి వరుస అండగా నిలువగా, మేఘాద్రిగెడ్డ సముద్రమును చేరుచోట బురద నేలలను త్రవ్వి లోపలి రేవును నిర్మించిరి. 1933లో ప్రారంభమైన ఆ రేవులో బంగాళాఖాతపు అలల తాకిడి సోకక ఓడలు నిలకడగా నుండును. అయితే ఓడలను కాపాడు ఆ కొండలు, ఆ ఇరుకు ముఖద్వారము, మనము వదలిన పొగను, మురుగును కూడ త్వరగా బయటికి పోనీయక నిలుపుచున్నవి. విశాఖ మాలిన్య సమస్యలో మొదట గ్రహింపవలసిన విషయమిదియే.

రేవు వచ్చిన పిమ్మట పరిశ్రమలు వచ్చినవి. 1957లో చమురు శుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము, 1977లో తుత్తునాగము కరగించు కర్మాగారము ఈ కొండల నడిమి పల్లములోనే వెలసినవి. వీనిలో చివరిది తరువాత మూతపడినది. 1976లో బయటి రేవు ఏర్పడినది. యారాడ కొండలకు ఆవల నిర్మించిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. ఇవి వేలాది కుటుంబములకు అన్నము పెట్టినవి. కనుక వీనిని వద్దనుట మన ఉద్దేశము కాదు. వీని వ్యర్థములు ఎచ్చటికి పోవుచున్నవో తెలిసికొనుట అవసరము.

గాలి సంగతి మొదట చూతము. సాధారణముగా నేలకు దగ్గరనున్న గాలి వెచ్చనై పైకి పోవును; దానితోపాటు పొగయు పైకెగసి పలుచబడును. శీతకాలపు రాత్రులందు ఈ క్రమము తారుమారగును. నేల త్వరగా చల్లబడి, దానినంటిన గాలి చల్లనై బరువెక్కును. దానిపై వెచ్చని గాలిపొర యుండును. కుండపై మూకుడు మూసినట్లు ఆ పొర పొగను క్రిందనే అణచియుంచును. ధనుర్మాసపు ఉదయములందు పొయ్యిపొగ ఇంటికప్పుల ఎత్తుననే పరచుకొని యుండుట మనమెరిగినదే. చుట్టును కొండలున్నచోట ఆ పొగ ప్రక్కలకు పోవు దారియు తక్కువ. రాత్రి నేలగాలి సముద్రముపైకి కొనిపోయిన పొగలో కొంత, మరునాటి పగలు సముద్రపు గాలితో మరల ఊరిలోనికే వచ్చును. 1952 డిసెంబరులో లండను నగరమున ఇట్టి మూతక్రింద బొగ్గుపొగ ఐదు దినములు నిలిచిపోగా వేలకొలది జనులు మరణించిరి.

విశాఖ గాలిలో కలియునవి ఏవి? రేవులో గుట్టలుగా పోయు బొగ్గు, ఇనుప ఖనిజముల ధూళి. చమురు కర్మాగారము నుండియు, ఓడల ఇంధనము నుండియు వెలువడు గంధకపు వాయువు. లారీల పొగ, రోడ్ల దుమ్ము. పాతనగరపు గృహిణులకు కిటికీలపై, ఆరవేసిన బట్టలపై వ్రాలు నల్లని పొడి చిరపరిచితము. కంటికి కనబడు ఆ పొడికంటె కనబడనిది ఎక్కువ హానికరము. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. 10 మైక్రానులకు లోబడిన రేణువులు శ్వాసనాళములలో ప్రవేశించును, 2.5 మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల చివరి గదుల వరకు చేరి, ఉబ్బసమును పెంచుటయేగాక గుండెజబ్బులకును దారితీయును. ముందుగా బాధపడువారు పసిపిల్లలు, వృద్ధులు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రముగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతములలో విశాఖను చేర్చినది.

పొగ నిదానముగా హాని చేయును. ప్రమాదవశమున వెలువడు విషపుటావిరి గడియలలో ప్రాణము తీయగలదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. ఆ ద్రవమును తగినంత చల్లగా ఉంచనిచో దానిలోనే వేడి పుట్టి ఆవిరి యగును. ఆ ఆవిరి గాలికంటె సుమారు 3.6 రెట్లు బరువైనది గనుక పైకి పోక నేలనంటి, నిద్రించుచున్న ఇండ్లలోనికి ప్రాకినది.

నీటి విషయమునను ఇదే న్యాయము. లోపలి రేవును సముద్రముతో కలుపునది ఒక ఇరుకు కాలువ. విశాఖలో ఆటుపోట్ల తేడా సుమారు 1.5 మీటర్లు, గుజరాతులోని భావనగర్ వద్ద అది 10 మీటర్ల వరకు ఉండును. అట్టిచోట సముద్రమే దినమునకు రెండుమార్లు రేవును కడిగినట్లగును. ఇచ్చట ఆ మేలు స్వల్పము. గెడ్డలవెంట వచ్చు మురుగును సూక్ష్మజీవులు కుళ్ళబెట్టునపుడు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును వాడుకొనును. అది తగ్గినచో చేపలు తొలగిపోవును, లేదా చచ్చును. అడుగు బురద నుండి కుళ్ళిన గ్రుడ్ల వాసన వచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఏ.వి. రామన్ 1970 దశకమున ఈ రేవును పరిశోధించిరి. వారు గమనించిన జీవులలో కాపిటెల్లా అను సన్నని పురుగు ఒకటి. ఇతర జీవులు నిలువలేని మురుగు బురదలో అది వృద్ధిపొందును గనుక దాని ఆధిక్యమే మాలిన్యమునకు సాక్ష్యము.

సీసము, కాడ్మియము వంటి లోహములు కుళ్ళి నశించునవి కావు. అవి బురదనంటియుండి, పూడిక తీయునపుడు మరల కదలును. ఆల్చిప్పల ద్వారా, చేపల ద్వారా మన కంచమును చేరగలవు. జపానులోని మినమాత కూడ భూమి నడుమ ఒదిగిన అఖాతమే. అందులో ఒక కర్మాగారము వదలిన పాదరసము చేపల ద్వారా జాలరి కుటుంబములను చేరి కలిగించిన నరముల వ్యాధి 1956లో వెల్లడియైనది. మన తీరమునను నష్టము మొదట తగులునది జాలరులకే. యంత్రపు పడవ గలవారు దూరము పోయి వేటాడగలరు. తెప్పవానికి దగ్గరి నీరే జీవనాధారము.

కొండలను జరుపలేము, పోటును పెంచలేము. కనుక మాలిన్యమును పుట్టినచోటనే ఆపవలెను. బొగ్గు, ఖనిజములను మూసిన మార్గములలో తరలించుట, గుట్టలను కప్పి నీరు చిలకరించుట, మురుగును గెడ్డలో కలియకముందే శుద్ధిచేయుట, ఇండ్లకు, ప్రమాదకర కర్మాగారములకు నడుమ ఖాళీ నేల నుంచుట ముఖ్యమైనవి. 1974 నాటి జల చట్టము, 1981 నాటి వాయు చట్టము ఇందుకు అధికారమిచ్చుచున్నవి. ఓడల ఇంధనములో గంధకము 3.5 శాతము నుండి 0.5 శాతమునకు తగ్గవలెనను అంతర్జాతీయ నియమము 2020 జనవరి 1న అమలులోనికి వచ్చినది.

గృహస్థులు చేయదగినదియు కొంత కలదు. చలికాలపు ఉదయములందు చెత్త తగులబెట్టరాదు. పాత నూనె, ప్లాస్టిక్ సంచులు గెడ్డలో వేయరాదు. పొగమంచు కమ్మిన వేళ ఉబ్బసరోగులు, వృద్ధులు ఎండ ఎక్కిన పిదపనే వాహ్యాళికి పోవుట మేలు. మండలివారు ప్రకటించు గాలి లెక్కలను వానరాకడ వార్తవలె శ్రద్ధగా గమనించి, అవి హద్దు మీరినపుడు కారణమడుగుట పౌరుల హక్కు.