పొలం పక్కన విల్లాలు లేస్తే రైతు గతేంటి? న్యూయార్క్‌లో 'అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్' కథ ఇదీ..

సిటీ శివార్లలో సీన్ ఎక్కడైనా ఒకటే. ముందు రోడ్డు పడుతుంది. తర్వాత వెంచర్ బోర్డు, ఆ తర్వాత గేటెడ్ కమ్యూనిటీ. ఏడాది తిరిగేసరికి అక్కడ తాతల నాటి నుంచి సాగు చేస్తున్న రైతు మీదే కంప్లైంట్లు మొదలవుతాయి. పేడ కంపు అంటారు, తెల్లవారుజామున ట్రాక్టర్ మోత అంటారు, మందు కొడితే వాసన అంటారు. హైదరాబాద్ శివారైనా, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లె అయినా ఇదే తంతు. కాకపోతే న్యూయార్క్ దీనికోసం 1971లోనే ఓ చట్టం తెచ్చింది. అదే అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్స్ లా. ఆ తర్వాత వర్జీనియా, ఇల్లినాయిస్, పెన్సిల్వేనియా, కెంటకీ లాంటి రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

ఇంతకీ ఏంటీ డిస్ట్రిక్ట్?

పేరు చూసి కలెక్టర్ ఉండే జిల్లా అనుకోవద్దు. ఇది సాగు భూములన్నీ కలిపి గీసిన ఓ గీత. అలాగని మన మాస్టర్ ప్లాన్లలో కనిపించే గ్రీన్ జోన్ లాంటిదీ కాదు. గ్రీన్ జోన్‌లో పడితే ఆంక్షలన్నీ భూమి యజమాని మీదే. ఇల్లు కట్టొద్దు, లేఅవుట్ వేయొద్దు అంటారు. న్యూయార్క్‌లో లెక్క రివర్స్. డిస్ట్రిక్ట్‌లో చేరితే రైతు మీద కొత్త ఆంక్ష ఏదీ పడదు. ఆంక్షలు పడేది రైతును ఇబ్బంది పెట్టే వాళ్ల మీద. మొత్తం చట్టంలో అసలు పాయింట్ ఇదే.

చేరడం కూడా రైతు ఇష్టమే. కొత్తగా డిస్ట్రిక్ట్ కావాలంటే యజమానులు కలిసి కౌంటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ల చేతిలో కనీసం 250 ఎకరాలు ఉండాలి, లేదా ప్రతిపాదించిన భూమిలో 10 శాతం ఉండాలి. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఒక్కడి వల్ల కాకపోతే పది మంది కలవొచ్చు. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్ స్థాయి స్థానిక ప్రభుత్వం అనుకోండి. వ్యవసాయ భూముల రక్షణకు కౌంటీలో ఉండే బోర్డు దాన్ని పరిశీలిస్తుంది, బహిరంగ విచారణ జరుగుతుంది, కౌంటీ సభ ఆమోదిస్తుంది. చివరగా రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ ముద్ర పడాలి. ప్రతి 8 ఏళ్లకోసారి మళ్లీ సమీక్ష చేస్తారు. ఉన్న డిస్ట్రిక్ట్‌లో కొత్తగా చేరాలనుకునేవాళ్లకు ఏటా 30 రోజులు గడువిస్తారు.

కోర్టు దాకా వెళ్లిన లైసాండర్ గొడవ

చట్టం కాగితం మీద ఎంత బాగున్నా, టౌన్ ఆఫీసుతో పేచీ వచ్చినప్పుడే దాని సత్తా తెలిసేది. ఆనొన్‌డాగా కౌంటీలో లైసాండర్ అనే టౌన్ ఉంది. అక్కడ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఓ పొలం యజమానులు వలస కూలీల కోసం పొలంలోనే మొబైల్ హోమ్స్ పెట్టాలనుకున్నారు. టౌన్ ఒప్పుకోలేదు. ఇల్లంటే కనీసం ఇంత విస్తీర్ణం ఉండాల్సిందే, మా జోనింగ్ రూల్ ఇది అని పట్టుబట్టింది. గొడవ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. కూలీల వసతి కూడా వ్యవసాయంలో భాగమేనన్న రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ మాటకే విలువిస్తూ 2001లో కోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది.

ఈ కేసులో పనికొచ్చింది చట్టంలోని 305-ఎ సెక్షన్. డిస్ట్రిక్ట్‌లో ఉన్న సాగు పనులను స్థానిక ప్రభుత్వాలు అసమంజసంగా అడ్డుకోకూడదని అది చెబుతుంది. ప్రజల ఆరోగ్యానికో భద్రతకో ముప్పుంటే మాత్రం మినహాయింపు. గమనించారా, డిస్ట్రిక్ట్ గీసేదీ స్థానిక ప్రభుత్వమే, చేతులు కట్టేసేదీ స్థానిక ప్రభుత్వానికే. కౌంటీ గీస్తే, దాని కిందున్న టౌన్లు కట్టుబడాలన్నమాట.

పక్కింటివాళ్ల కంప్లైంట్లకు వేరే సెక్షన్ ఉంది. ఫలానా పద్ధతి సరైన సాగు పద్ధతేనని కమిషనర్ అభిప్రాయం ఇస్తే, దాన్ని న్యూసెన్స్‌గా చూపించి కేసు గెలవడం కుదరదు. ప్రభుత్వమే రోడ్డుకో మరోదానికో భూమి తీసుకోవాలన్నా అంత ఈజీ కాదు. నడుస్తున్న ఒక్క పొలం నుంచి ఎకరం మించి, లేదా డిస్ట్రిక్ట్ మొత్తంలో 10 ఎకరాలు మించి తీసుకోవాలంటే కనీసం 65 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సాగు మీద పడే ప్రభావం ఏంటో, వేరే దారి ఉందో లేదో అందులో రాయాలి. సేకరణ ఆగిపోతుందని కాదు. గుట్టుగా మాత్రం జరగదు.

పన్ను సంగతికొస్తే..

చుట్టూ విల్లాలు వస్తే భూమి మార్కెట్ విలువ పెరుగుతుంది, దాంతో ఆస్తి పన్నూ పెరుగుతుంది. పంట మీద వచ్చేది మాత్రం అంతే. చాలామంది అమ్ముకునేది ఈ దెబ్బకే. అందుకే నేల రకాన్ని బట్టి సాగు విలువ లెక్కగట్టి, దాని మీదే పన్ను వేసే వెసులుబాటు ఇచ్చారు. దీనికి మామూలుగా 7 ఎకరాల భూమి, రెండేళ్ల సగటున ఏడాదికి 10 వేల డాలర్ల అమ్మకాలు ఉండాలి. 7 ఎకరాల లోపైతే 50 వేల డాలర్ల అమ్మకాలు చూపించాలి. డిస్ట్రిక్ట్ బయట ఉన్నవాళ్లకూ ఇది దొరుకుతుంది, కాకపోతే 8 ఏళ్లు సాగులోనే ఉంచుతామని హామీ ఇవ్వాలి.

ఆ రాయితీ తీసుకుని ఐదేళ్లలోపు భూమిని ప్లాట్లు చేస్తే? చివరి ఏడాది మిగిలిన పన్నుకు ఐదు రెట్లు, పైన ఏటా 6 శాతం వడ్డీ కక్కాల్సిందే. ఏడాదికి వెయ్యి డాలర్లు ఆదా చేసుకున్నవాడు 5 వేలు ప్లస్ వడ్డీ కడతాడన్నమాట. బిల్డర్ ఎకరానికి ఇచ్చే రేటు ముందు ఇది పెద్ద లెక్క కాదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. డిస్ట్రిక్ట్ అమ్మకాన్ని ఆపదు. పొలం ఎప్పటికీ పొలంగానే ఉండాలంటే భూమిని అభివృద్ధి చేసే హక్కునే ప్రభుత్వం డబ్బిచ్చి కొనాలి. లాంగ్ ఐలాండ్‌లోని సఫోక్ కౌంటీ 1974లో ఆ పని మొదలెట్టింది. ఖర్చెక్కువ. పైగా 7 ఎకరాల కటాఫ్ నిజంగా చిన్న రైతుకు అందేది కాదు. 2015-16 గణాంకాల ప్రకారం మన దేశంలో 86 శాతం కమతాలు 2 హెక్టార్లు, అంటే సుమారు 5 ఎకరాల లోపువే. ఆ కొలత ఇక్కడ పెడితే మనోళ్లలో ఎక్కువమంది లైన్ బయటే నిలబడతారు.

మన దగ్గర ఉమ్మడి ఏపీలో 2006లో నాలా చట్టం వచ్చింది. సాగు భూమిని మార్చాలంటే ఫీజు కట్టి అనుమతి తీసుకోవాలని చెప్పింది, కానీ సాగులోనే ఉంటానన్న రైతుకు అది ఇచ్చిందేమీ లేదు. 2013 భూసేకరణ చట్టంలోని 10వ సెక్షన్ కొంత నయం. నీటి వసతి ఉండి రెండు మూడు పంటలు పండే భూమిని తప్పనిసరి అయితేనే, చివరి మార్గంగానే తీసుకోవాలంటుంది. అయితే అది ప్రభుత్వ సేకరణకే, పక్కన లేచే వెంచర్‌కు కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇల్లు కొనే తెలుగువాళ్లు ఒకటి చూసుకోవాలి. ఆస్తి కొంతైనా అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే, ఇక్కడ సాగు వల్ల శబ్దం, దుమ్ము, వాసన రావొచ్చని అమ్మేవాళ్లు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం అందుకుని కొన్నాక, పక్క పొలంలో ఎరువు చల్లారని టౌన్ ఆఫీసుకు ఫోన్ చేసినా పెద్దగా ఫలితం ఉండదు.