ఒకే చేనులో ఇరవై పంటలు: చూడవచ్చినవారికి బడి

వానాకాలంలో సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని కొన్ని చేలను చూస్తే అది ఏ పంటో ఒక్క మాటలో చెప్పడం కష్టం. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అలసంద, నువ్వులు, పుంటికూర అన్నీ పక్కపక్కనే పెరుగుతుంటాయి. కొందరి చేలలో ఇరవై రకాలకు పైనే ఉంటాయి.

ఈ చేలను సాగు చేసేది మహిళలు. వారిలో ఎక్కువమంది దళిత కుటుంబాలకు చెందిన చిన్న, సన్నకారు రైతులు. 1983లో ఏర్పడి, పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో వీరు ఊరూరా సంఘాలుగా ఏర్పడ్డారు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఇతర ప్రాంతాల రైతులు, విద్యార్థులు, పరిశోధకులు ఇక్కడికి వస్తుంటారు. చేను చూపించి ఏ మొక్క ఎందుకు వేశారో వివరించేది ఈ మహిళలే.

కలిపి ఎందుకు వేస్తారు?

జొన్న వేర్లు ఎక్కువగా పై పొరల్లో గుబురుగా పరుచుకుంటాయి. కంది తల్లివేరు లోతుకు దిగుతుంది. అందువల్ల నేలలోని తేమ కోసం రెండింటి మధ్య పోటీ తగ్గుతుంది. కంది మొదట్లో నెమ్మదిగా ఎదుగుతుంది. జొన్న కోత అయ్యాక దానికి వెలుతురు, చోటు దొరుకుతాయి. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునే రూపంలోకి మారుస్తుంది. జొన్నతో కలిపి వేసినప్పుడు కందిలో ఎండు తెగులు తగ్గుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, వాన ముఖం చాటేసి ఒక పంట పోయినా ఇంకో పంట ఇంటిని ఆదుకుంటుంది.

విత్తనం బతకాలంటే

ఈ సాగుకు ఆధారం ఇంటి విత్తనం. బాగా ఎండబెట్టిన గింజలకు బూడిద, వేపాకు కలిపి, మట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. బూడిద పురుగు ఒంటిపై ఉండే మైనపు పొరను గీకేయడంతో అది తేమ కోల్పోయి చస్తుంది. విత్తనం అప్పు తీసుకున్నవారు పంట వచ్చాక అంతకంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తారు.

విత్తనాలను కాపాడే దారి ఇదొక్కటే కాదు. 1970లలో శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిచారియా బృందం ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ పల్లెల నుంచి వేల వరి రకాలను సేకరించింది. ఆ సంపద ఇప్పుడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం భద్రతలో ఉంది. శీతల గదిలో విత్తనం చాలా ఏళ్లు నిలుస్తుంది. కానీ మారుతున్న వానలకు, చీడలకు అలవాటు పడే అవకాశం దానికి చేనులోనే దొరుకుతుంది. అందుకే రెండూ కావాలి.

ఇంటి బుట్టలోని గింజకు మొలకశక్తి కొన్నేళ్లకే తగ్గిపోతుంది. సాగు ఆపేస్తే ఆ రకంతో పాటు దాన్ని ఎప్పుడు విత్తాలి, ఎలా వండాలి అన్న తెలివిడీ పోతుంది. ఆ తెలివిడిని పదిమందికీ పంచడానికే ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలవుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊళ్లు తిరుగుతాయి. చూడవచ్చినవారు ఆ విత్తనాల పేర్లు, వాటిని సాగు చేసే పద్ధతి మహిళల నోటే వింటారు. వారిలో కొందరు తమ చేనులో జొన్నతో పాటు రెండు సాళ్లు కంది వేసినా ఆ పాఠం ఇంకో ఊరికి చేరినట్టే.